'గూగుల్‌లో లేదు మేడమ్' అన్న తర్వాత

(గ్రంథాలయ వారోత్సవాల్లో తెలుగు, చరిత్ర శాఖల పరిశోధక విద్యార్థులతో ఒక విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా, మళ్లీ మళ్లీ వచ్చిన మాటలు మాత్రం తీసేసి ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. శాఖాధిపతి గారు నా గురించి పెద్ద పెద్ద మాటలు చెప్పారు. వాటిని పక్కన పెట్టి పనిలోకి దిగుదాం. ఏటా నవంబరు 14 రాగానే మా లైబ్రరీ వాళ్లని వేదిక ఎక్కిస్తారు. గ్రంథాలయోద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారి ఫొటోకి, గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి ఫొటోకి దండలు వేస్తాం. రంగనాథన్ గారు 1931లో చెప్పిన అయిదు సూత్రాలు ఎవరో ఒకరు చదువుతారు. 20వ తేదీ దాటగానే ఎవరి కౌంటర్ వెనక్కి వాళ్లు వెళ్లిపోతారు. ఆ అయిదింటిలో నాకు ఈ రోజు నాలుగోది చాలు: పాఠకుడి సమయం ఆదా చేయాలి. మీ సమయం ఎక్కడ పోతోందో నాకు కౌంటర్ దగ్గర రోజూ కనిపిస్తూనే ఉంది కాబట్టి దాని గురించే మాట్లాడతాను.

మా దగ్గరికి వచ్చి మీరు అనే మాట ఒకటుంది. "గూగుల్‌లో లేదు మేడమ్." ఆ మాట అన్నాక చాలామంది టాపిక్ మార్చుకోవడానికి గైడు గారి దగ్గరికి వెళ్తారు. తొందరపడకండి. మీరు కొట్టిన పేరుతో లేదు, అంతే. ఆ పుస్తకానికో, ఆ కాగితానికో ఎవరో ఎప్పుడో ఇంకో పేరు పెట్టి ఉంటారు. ఆ పేరు పెట్టింది ఎవరు, ఏ కాలం వాళ్లు, ఏ అలవాటు కొద్దీ పెట్టారు అన్నది పట్టుకుంటే వస్తువు దొరుకుతుంది. రేషన్ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి మెమోలో ఇంకో పేరు ఉన్న మనిషిని ఆఫీసులో వెతికినట్టే ఉంటుంది ఈ పని. మనిషి ఒక్కడే. కాగితాల్లో మాత్రం ముగ్గురు.

ముందు చరిత్ర శాఖ వాళ్లకి. చీరాల, వేటపాలెం చేనేత మీద పని చేస్తున్నారనుకోండి. వేటపాలెం ఇప్పుడు బాపట్ల జిల్లా. 2022 ఏప్రిల్ దాకా ప్రకాశం జిల్లా. 1970కి ముందు ప్రకాశం జిల్లానే లేదు, అప్పుడు గుంటూరు. ఇంకా వెనక్కి వెళ్తే 1859 నుంచి 1904 దాకా గుంటూరు జిల్లా కూడా లేదు. దాన్ని రద్దు చేసేశారు, బాపట్ల తాలూకా కృష్ణా జిల్లా కింద ఉండేది. అంటే పందొమ్మిదో శతాబ్దపు బాపట్ల వైపు సంగతులు కావాలంటే మీరు తెరవాల్సింది 1883లో గోర్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్. అది ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పూర్తిగా ఉంది, పైసా ఖర్చు లేదు. కానీ మనం ఇప్పుడు రాసే స్పెల్లింగ్‌తో కృష్ణా అని కొడితే రాదు. అప్పటి దొరలు కిస్ట్నా అని రాశారు. కే, ఐ, ఎస్, టీ, ఎన్, ఏ. అలా కొట్టండి, వస్తుంది.

ఇది ఒక్క కృష్ణాతో పోదు. కాకినాడని కొకనాడా అన్నారు. ఏలూరుని ఎల్లోర్ అన్నారు, వెతికితే ఎల్లోరా గుహలు కూడా వచ్చి పడతాయి, ఓపిక పట్టాలి. మచిలీపట్నం మసూలిపటం, విశాఖపట్నం విజగపటం, కడపకి రెండు డీలు, మొదట్లో సీ. గోదావరికి చివర 'ఈఆర్‌వై' పెట్టిన పుస్తకాలు ఉన్నాయి. 1878లో హెన్రీ మోరిస్ రాసిన గోదావరి జిల్లా పుస్తకం అలాంటిదే. మీ జిల్లా పేరుకి, తాలూకా పేరుకి, ఊరి పేరుకి పాత స్పెల్లింగులన్నీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి. థీసిస్ అయ్యేదాకా ఆ పేజీ మీకు పనికొస్తుంది.

తెలంగాణ మీద పని చేసేవాళ్లకి చిక్కు ఇంకో రకం. ఇందూరు, పాలమూరు, మెతుకు అని మనవాళ్లు అంటారు. కాగితాల్లో నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్. పైగా నిజాం పాలనలో ఆఫీసు కాగితాలు ఎక్కువగా ఉర్దూలో, ఇంకా పాతవి పారశీకంలో ఉన్నాయి. తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్‌కి వెళ్లి ఇంగ్లీషు ఫైళ్లు మాత్రమే చూసి వచ్చేసినవాళ్లు తలుపు దగ్గరే నిలబడి ఇల్లంతా చూశామన్నట్టు రాస్తున్నారు. ఇది కొంచెం ఘాటుగానే అంటున్నాను. ఉర్దూ లిపి నేర్చుకోవడానికి ఒక వేసవి సెలవులు చాలు. నేర్చుకోండి.

ఇప్పుడు తెలుగు శాఖ వాళ్ల సంగతి. మీ పాత పుస్తకాల్లో చాలావరకు నెట్‌లో ఉన్నాయి, దానికి మూలం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే ప్రాజెక్టు. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పని చేసిన రాజ్ రెడ్డి గారు, మన పాత చిత్తూరు జిల్లా కాటూరు ఆయనది, 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చినాయన, పది లక్షల పుస్తకాలు స్కాన్ చేసి అందరికీ ఉచితంగా ఇవ్వాలన్నారు. ఇక్కడ బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి సంస్థలు ఆ పని ఎత్తుకున్నాయి. లైబ్రరీల నుంచి పుస్తకాలు తెప్పించి పేజీ పేజీ స్కాన్ చేశారు. తర్వాత కాపీరైటు చిక్కులు వచ్చి ఆ సైటు మూతపడింది. అయితే ఆలోగానే ఫైళ్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరాయి. ఇప్పుడు మనం దింపుకుంటున్నవి అవే.

స్కాన్ చేసినవాళ్లు పని వేగంగా చేశారు. పుస్తకం పేరు, రచయిత పేరు రోమన్ అక్షరాల్లో టైపు చేశారు. ఒకే రచయిత పేరు ఒక్కో ఫైలుకి ఒక్కో రకంగా ఉంటుంది. వీరేశలింగం గారినే తీసుకోండి. 'వీ'కి రెండు 'ఈ'లు పెట్టారా, ఒక్క 'ఐ' పెట్టారా? 'శ'కి ఎస్ ఒక్కటేనా, ఎస్‌హెచ్చా? చివర 'లింగం' అన్నారా, 'లింగము' అన్నారా? కందుకూరి ముందుందా వెనకుందా? కొన్నిచోట్ల రచయిత స్థానంలో సంపాదకుడు, కొన్నిచోట్ల ప్రచురణకర్త, ఇంకొన్నిచోట్ల ఏమీ లేదు. అందుకని రచయిత పేరుతో దొరక్కపోతే పుస్తకం పేరులో ఒకే ఒక్క మాట కొట్టండి, అది కూడా మధ్యలోని మాట. అచ్చుకూటం పేరు కొట్టండి. అచ్చయిన సంవత్సరం వేసి భాష తెలుగు అని పెట్టి జాబితా అంతా కిందికి దిగండి. విసుగ్గా ఉంటుంది, కానీ దొరికేది చాలాసార్లు అక్కడే.

ఫైలు తెరిచాక మొదటి పేజీలు దాటేయకండి. ఉస్మానియా లైబ్రరీ నుంచి వచ్చిన పుస్తకాలైతే అసలు పుస్తకం మొదలయ్యే ముందు ఒక తెల్ల కాగితం ఉంటుంది. దాని మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో 'టైట్ బైండింగ్ బుక్' అనో, 'డ్రెంచ్‌డ్ బుక్' అనో, 'పేజెస్ మిస్సింగ్ వితిన్ ద బుక్ ఓన్లీ' అనో ఉంటుంది. మా పిల్లలు దాన్ని చూసి నవ్వుకుని కిందికి వెళ్లిపోతారు. అది స్కాన్ చేసినవాళ్లు మీకు రాసిన ఉత్తరం. బైండింగ్ బిగువుగా ఉంది, లోపలి మార్జిన్ వైపు అక్షరాలు తెగిపోతాయి, మాది తప్పు కాదు అంటున్నారు. తడిసిన పుస్తకం, కొన్ని పేజీలు మసకగా ఉంటాయి అంటున్నారు. పేజీలు ముందే పోయాయి, వెతుక్కోకండి అంటున్నారు. దాని పక్కనే లైబ్రరీ స్లిప్పు ఉంటుంది, కాల్ నంబరు, యాక్సెషన్ నంబరు ఉంటాయి. అక్షరాలు తెగిపోయిన పేజీయే మీకు కావాలనుకోండి, ఆ రెండు నంబర్లు రాసుకుని ఆ లైబ్రరీకే వెళ్లి అడగండి. కౌంటర్ దగ్గర పుస్తకం పేరు చెప్పి అరగంట నిలబడే బదులు నంబరు చెప్తే అయిదు నిమిషాల్లో తెలుస్తుంది, ఉందో పోయిందో.

పత్రికల సంగతి చెప్పకపోతే తెలుగు సాహిత్య పరిశోధన సగమే. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు గారు మొదలుపెట్టిన భారతి, అంతకుముందే ఉన్న ఆంధ్రపత్రిక, వాటి సంచికలు స్కాన్ అయి ఉన్నాయి. ప్రెస్ అకాడమీ వాళ్లు కూడా పాత పత్రికల్ని డిజిటైజ్ చేశారు. ఇక్కడా పేరు చిక్కే. ఉగాది సంచికకి ఇంగ్లీషు సంవత్సరం ఉండకపోవచ్చు, తెలుగు సంవత్సరం పేరే ఉంటుంది. 1924 ఉగాదికి మొదలైంది రక్తాక్షి. తర్వాత క్రోధన, అక్షయ, 1927లో ప్రభవ, అలా వెళ్తుంది. అరవై ఏళ్లకి మళ్లీ అదే పేరు వస్తుంది కాబట్టి ప్రభవ అంటే 1927 కావచ్చు, 1987 కావచ్చు, కాగితం రంగు చూసి తెలుసుకోవాలి. (నవ్వులు) ఇంకో మెలిక ఏమిటంటే తెలుగు సంవత్సరం ఉగాదికి మారుతుంది. ప్రభవ సంవత్సరంలో పుష్యమాసం అంటే ఇంగ్లీషు లెక్కలో 1927 డిసెంబరు చివర్లో మొదలై 1928లోకి వెళ్తుంది. పాదసూచికల్లో ఏడాది తేడా వచ్చిన థీసిస్‌లు నేను చాలా చూశాను. అందులో ఎక్కువ భాగం ఈ లెక్క దగ్గర జారినవే.

సరే, పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే శోధగంగ సైటు. మీ అందరికీ తెలుసు, అయినా దాన్ని వాడేవాళ్లు తక్కువ, దాంట్లోంచి తీసుకునేవాళ్లు ఎక్కువ. 2009లో యూజీసీ నిబంధన తెచ్చింది, పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఎలక్ట్రానిక్ రూపంలో కూడా ఇవ్వాలని. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే విశ్వవిద్యాలయ లైబ్రరీల నెట్‌వర్క్ కేంద్రం వాటిని అక్కడ ఒక చోట పెడుతోంది. తెరిచి చూస్తే ఒక థీసిస్ ఒక్క ఫైలుగా ఉండదు. 01 టైటిల్, 02 అలా మొదలై అధ్యాయానికి ఒక పీడీఎఫ్ చొప్పున, ఆఖర్న 80 రికమండేషన్ దాకా ఉంటుంది. మీరు మొదటి అధ్యాయం తెరుస్తారు. నేనైతే ముందు గ్రంథసూచి తెరవమంటాను. మీ టాపిక్ మీద మీకంటే ముందు పని చేసినవాళ్లు ఏం చదివారో, ఏ లైబ్రరీకి వెళ్లారో, ఏది చూడకుండా వదిలేశారో అక్కడ పది నిమిషాల్లో తెలిసిపోతుంది. వదిలేసిందే మీ థీసిస్.

తెలుగు థీసిస్‌ల విషయంలో శోధగంగ సెర్చ్ పెట్టెని నమ్ముకోవద్దు. యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి, అలవాటు కాకముందు మన డీటీపీ అంతా అను ఫాంట్లలో జరిగింది. ఆ పీడీఎఫ్ కంటికి చక్కని తెలుగులా కనిపిస్తుంది. ఒక వాక్యం కాపీ చేసి వేరే చోట పెట్టి చూడండి, గజిబిజి గుర్తులు వస్తాయి. కంప్యూటర్‌కి అందులో తెలుగు అన్నదే లేదు. స్కాన్ చేసిన పేజీలైతే వట్టి బొమ్మలు. బొమ్మలోని అక్షరాల్ని చదివే తెలుగు ఓసీఆర్ ఈ మధ్య బాగుపడింది గానీ పాత అచ్చులో ఒత్తుల దగ్గర, వట్రసుడి దగ్గర ఇంకా తడబడుతుంది. కాబట్టి మాట కొట్టి వెతకడం కాకుండా విశ్వవిద్యాలయం, అందులో తెలుగు శాఖ, అలా మెట్లు దిగుతూ వెళ్లి ఒక్కో పేరు చూడండి. మన రెండు రాష్ట్రాలతో ఆగకండి. మద్రాసు, మైసూరు, బెనారస్, ఢిల్లీ విశ్వవిద్యాలయాల్లో కూడా తెలుగు పరిశోధన ఉంది.

ఆ గజిబిజి గుర్తుల సంగతి విని వెనక వరుసలో ఇద్దరి కళ్లు మెరిశాయి. (నవ్వులు) సాఫ్ట్‌వేర్‌కి దొరకదు కదా అని. సాఫ్ట్‌వేర్‌కి దొరకకపోవచ్చు, పరీక్షకుడిగా వచ్చేది ఆ థీసిస్ రాయించిన గైడే కావచ్చు. యూజీసీ 2018 గ్రంథచౌర్య నిబంధనల ప్రకారం ఇతరుల రచనతో పోలిక 10 శాతం లోపు అయితే ఫర్వాలేదు. 40 దాకా ఉంటే ఆరు నెలల లోపు సరిచేసి ఇవ్వాలి. 40 నుంచి 60 మధ్య అయితే ఏడాది పాటు మళ్లీ ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. దీని మీద ఇంతకంటే మాట్లాడను.

డబ్బు కట్టి చదవాల్సిన జర్నళ్ల విషయంలో మాత్రం మంచి రోజులు వచ్చాయి. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం, ప్రభుత్వ విద్యాసంస్థలన్నిటికీ కలిపి ఒకే చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌కి ఒప్పుకుంది. 2025, 26, 27 మూడేళ్లకి 6,000 కోట్ల రూపాయలు. 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300 పైచిలుకు ప్రభుత్వ సంస్థలు. ఇది రాకముందు ఒక్కో విశ్వవిద్యాలయం బడ్జెట్‌ని బట్టి ఏది ఉంచాలి ఏది తీసేయాలి అని ఏటా తల పట్టుకునేవాళ్లం. కోతపెట్టాల్సి వస్తే ముందు పోయేవి చరిత్ర, భాషాశాస్త్రం. కెమిస్ట్రీ వాళ్లతో గొడవ పడలేం కదా. ఇప్పుడు ఆ బాధ తగ్గింది. కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్, సేజ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్, అన్నీ ఉన్నాయి. క్యాంపస్ బయట నుంచి చదవాలంటే లాగిన్ మా దగ్గర తీసుకోవాలి. మన శాఖల్లో తీసుకున్నవాళ్లు తక్కువ. "మాది తెలుగు మేడమ్, అందులో మాకేం ఉంటుంది" అంటారు. దక్షిణ భారత నేతగాళ్ల మీద, కైఫీయతుల మీద, అంటే ఊళ్ల చరిత్రలు రాయించిన పాత కాగితాల మీద, అచ్చుయంత్రం వచ్చాక తెలుగు వచనం ఎలా మారింది అన్నదాని మీద ప్రపంచంలో ఎక్కడెక్కడో కూర్చుని రాస్తున్నారు. అది చదవకుండా 'ఈ అంశంపై ఇంతవరకు ఎవరూ పరిశోధన చేయలేదు' అని మొదటి పేజీలో రాయకండి. ఆ వాక్యం కనపడితే నాకు టెన్షన్ మొదలవుతుంది.

ఎక్కడెక్కడో అన్నాను కదా, వాళ్లకి తెలుగు పుస్తకాలు ఎలా దొరికాయి? ఇది నాకు ఇష్టమైన కథ. 1954లో అమెరికా పబ్లిక్ లా 480 అని ఒక చట్టం చేసింది. దాని కింద మనకి గోధుమలు పంపేవాళ్లు, డబ్బు డాలర్లలో కాకుండా రూపాయల్లో తీసుకునేవాళ్లు. పీఎల్ 480 గోధుమలు అంటే ఇంట్లో పెద్దవాళ్లకి గుర్తుంటుంది. ఆ రూపాయలు ఇక్కడే ఖర్చు పెట్టాలి. అందులో కొంత పెట్టి 1962 నుంచి వాళ్ల లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ ఆఫీసు ద్వారా భారతీయ భాషల పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకి పంపడం మొదలుపెట్టింది. షికాగో, విస్కాన్సిన్, బర్కిలీ, ఇంకా చాలా. పేరున్న పుస్తకాలే కాదు, రచయిత సొంత ఖర్చుతో వేసుకుని బంధువులకి పంచిన పద్యాల పుస్తకాలు కూడా వెళ్లాయి. మన దగ్గర చెదలు తిన్నవి అక్కడ ఏసీ గదిలో ఉన్నాయి.

ఉన్నాయని తెలుసుకోవడానికి ప్రపంచ లైబ్రరీల ఉమ్మడి కేటలాగు అయిన వరల్డ్‌క్యాట్ చూడాలి. ఇక్కడ మీరు పేరు పెట్టినవాళ్ల అలవాటు నేర్చుకోవాల్సిందే, ఎందుకంటే వాళ్లది మన వాట్సాప్ స్పెల్లింగ్ కాదు, ఒక పద్ధతి ప్రకారం రాస్తారు. మనం 'చ'కి సీ హెచ్ కొడతాం. వాళ్లు ఒక్క సీ మాత్రమే పెడతారు. సీ హెచ్ అంటే వాళ్ల లెక్కలో ఒత్తు 'ఛ'. అలాగే 'త'కి వట్టి టీ, హెచ్ ఉంటే అది 'థ'. దీర్ఘాల మీద గీతలు, ళ, ణ కింద చుక్కలు ఉంటాయి గానీ వాటిని మీరు కొట్టక్కర్లేదు. ఇప్పుడు ఆలోచించండి, మన పుస్తకాల్లో ఎన్నిటి పేర్లలో 'చరిత్ర' అన్న మాట ఉంది? మీరు సీ హెచ్‌తో కొట్టినంతసేపూ ఆ పద్ధతిలో ఎక్కించినవన్నీ మీకు కనపడకుండా ఉండిపోయాయి. ఈ ఒక్క అక్షరం ఇవాళే మార్చి చూడండి.

అమెరికా వాళ్ల సంగతి సరే, మన కేటలాగుల్లో తెలుగు పుస్తకం పేరు తెలుగు లిపిలో ఎందుకు ఉండదు అని మీరు నన్ను అడగాలి. అడగరు గానీ నేనే చెప్తాను. కంప్యూటరైజేషన్ చేసిన రోజుల్లో సాఫ్ట్‌వేర్లు తెలుగు తీసుకునేవి కావు. డేటా ఎంట్రీ కాంట్రాక్టుకి ఇచ్చారు. రికార్డుకి ఇంత అని ఇచ్చే చోట స్పెల్లింగ్ ఎవరు చూస్తారు? ఇప్పుడు కోహా లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఉంది, యూనికోడ్ తీసుకుంటుంది. రికార్డులో అసలు లిపిలో పేరు వేయడానికి 880 అని ప్రత్యేకంగా ఒక ఫీల్డే ఉంది. అది చాలా లైబ్రరీల్లో ఖాళీగా పడి ఉంది. తెలుగు చదవగలిగే కేటలాగర్ పోస్టు భర్తీ కాక కొన్నిచోట్ల, అవసరం లేదనుకుని కొన్నిచోట్ల. నా మటుకు నాకు ఇది సిగ్గుచేటు. ఆంధ్రభారతి సైటులో నిఘంటువుల శోధన చూడండి, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌన్ నిఘంటువు అన్నీ ఒకే పెట్టెలో తెలుగు లిపిలో వెతకొచ్చు. అది ప్రభుత్వ నిధులతో వచ్చింది కాదు, భాష మీద ఇష్టంతో చేసిన పని. తెలుగు వికీసోర్సులో పుస్తకాల్ని పేజీ పేజీ టైపు చేసి దిద్దుతున్నవాళ్లదీ అంతే. జీతాలు తీసుకునే మేము ఒక ఫీల్డు నింపలేకపోతున్నాం.

ఏఐ గురించి చెప్పమని చీటీ వచ్చింది. చెప్తాను, కానీ క్లుప్తంగా. సారాంశాలకి, ఇంగ్లీషు దిద్దుకోడానికి వాడితే మీ ఇష్టం, మీ గైడు ఇష్టం. గ్రంథసూచికి మాత్రం వద్దు. లేని పుస్తకాలు చెప్తుంది. రచయిత పేరు నిజం, ప్రచురణ సంస్థ పేరు నిజం, పుస్తకం మాత్రం పుట్టలేదు. తెలుగు విషయంలో ఇది ఎక్కువ, ఎందుకంటే దానికి చదవడానికి దొరికింది తక్కువ. అలాంటి జాబితా పట్టుకుని మా కౌంటర్ దగ్గరికి వస్తున్నారు, మేము బీరువాలన్నీ వెతుకుతున్నాం. కొన్ని చూడగానే తెలిసిపోతాయి. 1961లో అచ్చయిందంటున్న పుస్తకం పేరులో బాపట్ల జిల్లా అని ఉంటే, ఇందాక చెప్పిన లెక్క గుర్తు తెచ్చుకోండి. తెలియనివాటికి రెండు కేటలాగులు చూడండి, ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల ఇండ్‌క్యాట్ ఒకటి, వరల్డ్‌క్యాట్ ఒకటి. రెండింటిలో, అన్ని స్పెల్లింగులతో, లేకపోతే అనుమానించాలి.

ఇక నెట్‌కి బయట. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, తిరుపతిలో ప్రాచ్య పరిశోధన సంస్థ, మద్రాసులో 1869 నాటి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం. కోలిన్ మెకంజీ కైఫీయతులు, సి.పి. బ్రౌన్ పోగు చేయించిన తాళపత్రాలు ఆఖరి దాంట్లో ఉన్నాయి. వెళ్లే ముందు ఫోన్ చేయండి, గైడు ఉత్తరం తీసుకెళ్లండి, పెన్ను కాకుండా పెన్సిల్ తీసుకెళ్లండి, ఫొటో తీయొచ్చో లేదో అడిగాకే ఫోన్ బయటికి తీయండి. ఇంకొక్కటి. అక్కడ ఏళ్ల తరబడి పుస్తకాలు అందించిన అటెండర్లు ఉంటారు. కేటలాగులో ఎక్కని కట్టలు ఏ బీరువా మీద ఉన్నాయో వాళ్లకే తెలుసు. వాళ్లని 'ఇదిగో బాబూ' అని పిలవకుండా పేరు అడిగి, గారు చేర్చి మాట్లాడండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక విద్యార్థి: సై-హబ్ వాడితే తప్పా మేడమ్?)

లైబ్రేరియన్ని అడగాల్సిన ప్రశ్నేనా ఇది? (నవ్వులు) చెప్తాను. డబ్బు కట్టి చదవాల్సిన వ్యాసాల్ని అనుమతి లేకుండా ఉచితంగా ఇచ్చే సైటు అది. 2020 డిసెంబరులో ఎల్సెవియర్ లాంటి ప్రచురణకర్తలు దాని మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్లారు. 2025 ఆగస్టులో దాన్ని మన దేశంలో బ్లాక్ చేయమని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి వాడమని నేను అనను. అదే కోర్టు 2016లో ఢిల్లీ విశ్వవిద్యాలయం జిరాక్స్ షాపు కేసులో విద్యార్థుల వైపు నిలబడింది, చదువు కోసం పుస్తకాల్లో భాగాలు కాపీ చేసుకోవచ్చని చెప్పింది. అది కూడా గుర్తు పెట్టుకోండి. వ్యాసం దొరక్కపోతే రాసినవాళ్లకే మెయిల్ పెట్టండి. చాలామంది సంతోషంగా పంపిస్తారు. నా వ్యాసం ఎవరో అడుగుతున్నారే అని వాళ్లకీ ఆనందం.

(ఒక విద్యార్థిని: మేడమ్, నేను పార్ట్ టైమ్ స్కాలర్‌ని. పని చేసేది ప్రైవేటు కాలేజీలో. ఆ వన్ నేషన్ మా కాలేజీకి రాదంటున్నారు.)

రాదమ్మా, మొదటి విడతలో ప్రభుత్వ సంస్థలకే ఇచ్చారు. మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది ప్రైవేటు కాలేజీల్లో చదువుతున్నారో తెలిసి కూడా అలా పెట్టారు, నాకూ నచ్చలేదు. కానీ నువ్వు రిజిస్టర్ అయింది మన విశ్వవిద్యాలయంలో కాబట్టి నీకు ఇక్కడి లాగిన్ వస్తుంది, పార్ట్ టైమ్ అయినా సరే. రిజిస్ట్రేషన్ ఉత్తర్వు జిరాక్స్ తెస్తే చాలు. మీ విద్యార్థుల కోసం అయితే మీ కాలేజీ, కాలేజీలకి ఈ-జర్నళ్లు, ఈ-పుస్తకాలు ఇచ్చే ఎన్-లిస్ట్‌లో చేరిందో లేదో కనుక్కో. జేస్టోర్‌లో ఎవరైనా సొంతంగా రిజిస్టర్ చేసుకుంటే నెలకి వంద వ్యాసాల దాకా ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవొచ్చు, దానికి కాలేజీతో పని లేదు.

(అదే విద్యార్థిని: మా కాలేజీలో లైబ్రేరియన్ లేరు మేడమ్. పోస్టు ఖాళీ. తాళం అటెండర్ దగ్గర ఉంటుంది.)

అర్థమైంది. అయితే మీ పిల్లల్ని ఇక్కడికి పంపు. ప్రిన్సిపాల్ గారి సంతకంతో ఉత్తరం తెస్తే రెఫరెన్స్ హాల్లో కూర్చుని చదువుకోవచ్చు, పుస్తకం ఇంటికి మాత్రం ఇవ్వం. ఆ ఉత్తరంలో 'లైబ్రరీ సందర్శన నిమిత్తం' అని రాయించకండి. ఏ పుస్తకాలు కావాలో, ఏ పత్రిక ఏ సంవత్సరాలవి కావాలో పేర్లు రాయించి రెండు రోజుల ముందు మెయిల్ చేయండి. వాళ్లు వచ్చేసరికి మావాళ్లు స్టాక్‌లోంచి తీసి టేబుల్ మీద ఉంచుతారు.